వీలునామా రాసే కలం

ఇటీవల ఒక యువ న్యాయవాది మా వద్దకు వచ్చారు. జిల్లా కేంద్రంలో ఒక సీనియర్ వకీలు ఆఫీసులో వీలునామాలు, వారసత్వ దావాలు చూస్తుంటారు. ఆయన్ని ఒక విషయం బాధిస్తోంది. నమాజు తప్పని ఒక పెద్దాయన వచ్చి, "కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళలో ఇవ్వవలసింది ఇచ్చేశాను. ఇల్లూ దుకాణమూ కొడుకులిద్దరి పేరున రాయండి" అన్నారట. "చెప్పింది రాసి ఫీజు తీసుకోవడం నా వృత్తి. దీనికి అల్లాహ్ వద్ద నేను కూడా జవాబు చెప్పుకోవాలా?" అని ఆ సోదరుడు అడిగారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. దస్తావేజు రాసేవారిదీ, సాక్షి సంతకం చేసేవారిదీ, పక్కన కూర్చుని తల ఊపే మన అందరిదీ.

రాసేవాడూ బాధ్యుడే

అల్ బఖరా సూరా 282వ ఆయతులో అప్పు పత్రం రాసే లేఖకుడు న్యాయంగా రాయాలని అల్లాహ్ ఆదేశించాడు. అదే సూరా 181వ ఆయతు ప్రకారం, వసీయత్‌ను విన్న తర్వాత మార్చేవారి మీదే ఆ పాపం పడుతుంది. ఆ వెంటనే 182వ ఆయతులో, వసీయత్ చేసేవాడు పక్షపాతానికో అన్యాయానికో పాల్పడుతున్నాడని భయపడి, సంబంధితుల మధ్య సర్దుబాటు చేసినవాని మీద ఏ దోషమూ లేదని ఉంది. అంటే పెద్దాయనను ఆపి మంచి చెప్పడం వృత్తి ద్రోహం కాదు, అల్లాహ్ మెచ్చే పని.

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి తన పిల్లల్లో ఒక్కరికి మాత్రమే కానుక ఇచ్చి, దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగతా పిల్లలకూ ఇలాగే ఇచ్చావా అని ఆయన (స) విచారించారు. లేదని తెలియగానే అన్యాయానికి సాక్షిగా ఉండటానికి నిరాకరించారు. (బుఖారీ, ముస్లిం) సంతకం చేసే ముందు మనం ఈ సంఘటనను గుర్తుచేసుకోవాలి.

వసీయత్ హద్దులు

మరణించినవారి ఆస్తిలో నుంచి మొదట కఫన్, దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు తీర్చాలి. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. మిగిలినదానిలో మూడో వంతుకు మించకుండా వసీయత్ చెల్లుతుంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు, మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నా, సగం చేస్తానన్నా దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. మూడో వంతుకు అనుమతిస్తూ, అదీ ఎక్కువేనన్నారు.

రెండో హద్దు: షరీఅత్ వాటా నిర్ణయించిన వారసునికి, మిగతా వారసులు సమ్మతిస్తే తప్ప, వసీయత్ చెల్లదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఆ సమ్మతి కూడా మరణం తర్వాత ఇచ్చినదై ఉండాలి. పెళ్ళిలో పెట్టిన ఖర్చు కూతురి వారసత్వ వాటాను రద్దు చేయదు.

ఒక లెక్క

ఆ పెద్దాయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. చనిపోయిన మరో కొడుకు బిడ్డ, అనాథ మనవడు కూడా ఉన్నాడు. ఆస్తి 38 లక్షలు, ఖర్చులూ అప్పులూ 2 లక్షలు అనుకుందాం. మిగిలేది 36 లక్షలు. కొడుకులు ఉండగా మనవడికి వారసత్వ వాటా రాదు. కానీ తాత వసీయత్ ద్వారా 12 లక్షల దాకా ఇవ్వవచ్చు. అంతా ఇస్తే, మిగిలిన 24 లక్షల్లో భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. మిగతా 21 లక్షల్లో ఒక్కో కొడుక్కి 7 లక్షలు, ఒక్కో కూతురికి మూడున్నర లక్షలు.

చూడండి! వసీయత్ ఎవరికి చేయకూడదో వారి పేర్లు ఆయన కాగితం నిండా ఉన్నాయి. ఎవరికి చేయవచ్చో ఆ అనాథ పేరు ఎక్కడా లేదు.

చట్టం సంగతి

మన దేశంలో ముస్లిం వీలునామాకు రిజిస్ట్రేషన్ గానీ ప్రొబేట్ గానీ తప్పనిసరి కాదు. నోటి మాటగా చేసినా చెల్లుతుంది. అయినా తగాదాలు రాకుండా రాసిపెట్టడమే మేలు. అయితే రిజిస్ట్రేషన్ ముద్ర పడినంత మాత్రాన హద్దు మీరిన వసీయత్ ధర్మసమ్మతం అయిపోదు. ఇంగ్లాండులో స్థిరపడినవారి సంగతి వేరు. అక్కడ వీలునామా లేకుండా చనిపోతే ఆ దేశ చట్టం ప్రకారం పంపకం జరుగుతుంది. కనుక షరీఅత్ వాటాలు తెలిసిన సొలిసిటర్ చేత రాయించుకోవడం అక్కడి మన పిల్లలకు మరీ అవసరం.

ఆ న్యాయవాది సోదరునికి మేము చెప్పింది ఇదే: ముందు మృదువుగా నచ్చజెప్పండి, లెక్క వేసి చూపండి. వినకపోతే ఆ కాగితం మీ కలంతో రాయకండి. ఆయన అలాగే చేశారు. పెద్దాయన కోపగించుకుని వెళ్ళిపోయారు. ఫీజు పోయింది. కానీ ఆ ఇద్దరు కూతుళ్ళ హక్కు కాజేసిన పాపంలో ఆయనకు భాగం లేకుండా పోయింది.

అల్లాహ్ మన కలాలను, సాక్ష్యాలను అన్యాయం నుంచి కాపాడుగాక! ఆమీన్.