మేకుల బల్లకు మరమ్మతు



బదిలీ ఉత్తర్వు వచ్చి సామాను కట్టేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న వినబడుతుంది: "ఇది తీసుకెళ్దామా, ఇక్కడే వదిలేద్దామా?" మా ఇంట్లో ప్రతిసారీ ఆ ప్రశ్న ఒకే వస్తువు దగ్గర ఆగేది. అది నా చిన్నప్పుడు మా నాన్నగారు కొనిచ్చిన బాగటెల్ బోర్డు. మేమంతా దాన్ని మేకుల బల్ల అంటాం.

చూడనివాళ్ళ కోసం చెబుతాను. అది పైభాగం గుండ్రంగా ఉండే చెక్క పలక. దాని నిండా వరుసలుగా, అర్ధచంద్రాకారాలుగా మేకులు కొట్టి ఉంటాయి. కుడిపక్కన స్ప్రింగ్ బిగించిన కడ్డీ ఉంటుంది. కడ్డీని వెనక్కి లాగి వదిలితే ఉక్కు గోళీ పైకి దూసుకెళ్ళి, మేకులకు తగులుతూ, ఏదో ఒక గడిలో పడుతుంది. ఆ గడిలో రాసిన అంకె మన మార్కు.

సూరత్‌కు వచ్చి పెట్టె విప్పేసరికి స్ప్రింగ్ విరిగిపోయి ఉంది. కొన్ని మేకులు వంగాయి, కొన్ని వదులయ్యాయి. పది గోళీలలో మూడు లేవు. బాగుచేద్దాం రమ్మని నాలుగో తరగతి చదివే మా అమ్మాయిని పిలిచాను.

"బాగుచేసి ఏం లాభం నాన్నా? మళ్ళీ వెళ్ళిపోతాం కదా!" అంది.

పక్కింటి అమ్మాయితో ఆడుకోమన్నప్పుడు కూడా వారం కిందట ఇదే జవాబు చెప్పింది. అందుకే ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. బల్ల ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఆట వెనుక కథ

పని చేస్తూ ఈ ఆట కథ చెప్పాను. బాగటెల్ 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ప్రాచుర్యం పొందింది. అప్పట్లో గోళీని కర్రతో పొడిచేవారు. 1871లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన స్ప్రింగ్ కడ్డీతో కూడిన బల్లకు పేటెంట్ పొందాడు. 1931లో చికాగోలో డేవిడ్ గాట్లీబ్ 'బాఫిల్ బాల్' అనే యంత్రాన్ని తెచ్చాడు. నాణెం వేస్తే ఆడనిచ్చే బల్ల అది. పిన్‌బాల్ యంత్రాలు ఆ దారిలోనే పెరిగాయి. 1947లో అదే సంస్థ 'హంప్టీ డంప్టీ' యంత్రానికి ఆరు చిన్న రెక్కలు పెట్టింది. మీట నొక్కితే రెక్క ఆడుతుంది, కిందికి జారే గోళీని మళ్ళీ పైకి కొడుతుంది. ఆ రెక్కను లాగేది విద్యుదయస్కాంతం.

అలాంటి పాత యంత్రాలను ఇళ్ళలో ఉంచుకుని బాగుచేసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాటిలో పని ఎక్కువగా చిన్న చిన్న చోట్లే ఉంటుంది. ప్లగ్గు పీకేసి లోపలి స్విచ్చుల కొసలు శుభ్రం చేయాలి, అరిగిన రబ్బరు వలయాలు మార్చాలి, గోళీ దొర్లే పలక తుడవాలి. మా బల్లలో కరెంటు లేదు. కానీ తప్పు వెతికే పద్ధతి ఒక్కటే.

లోపం ఎక్కడ?

ఒకేసారి అన్నీ మార్చకూడదు. ఒకటి మార్చి, ఆడి చూసి, తరువాత రెండోది. ఇది మొదటి సూత్రం.

ముందు మేకులు. సూరత్ సముద్రానికి దగ్గర, ఊరి మధ్యగా తాపీ నది పారుతుంది. గాలిలో తేమ ఎక్కువ. ఇనుము, తేమ, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో ఒక చుక్క మెషిన్ ఆయిల్ పూశాం. వదులైన మేకును పీకి, రంధ్రంలో ఫెవికాల్‌తో అగ్గిపుల్ల ముక్క దిగగొట్టి, ఆరాక మేకును మళ్ళీ కొట్టాం. గట్టిగా నిలిచిన మేకుకు తగిలితే గోళీ 'టింగ్'మని ఎగిరి వస్తుంది. వదులు మేకు తానే కదిలి, గోళీ వేగాన్ని తినేస్తుంది. గోళీలు బేరింగుల కొట్టులో దొరికాయి.

మరమగ్గం చెప్పిన పాఠం

స్ప్రింగ్ కోసం ఉధనా వెళ్ళాను. మరమగ్గాల విడిభాగాలు అమ్మే కొట్టులో పొడవు, చుట్టు సరిపోయేది ఒకటి దొరికింది. తెచ్చి బిగించి కడ్డీ వదిలితే గోళీ బల్ల దాటి బీరువా కిందికి పోయింది! స్ప్రింగ్‌ను సగానికి కోద్దామని కటింగ్ ప్లేయర్ తీశాను.

మా వీధిలో వరంగల్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దాయన ఏళ్ళ తరబడి మగ్గాల మెకానిక్. చప్పుడు విని వచ్చి చూశాడు.

"కొయ్యకు సారూ! కోస్తే ఇంక గట్టిపడ్తది. తీగ సన్నగుండాలె" అన్నాడు.

నిజమే. స్ప్రింగ్‌లో చుట్లు తగ్గితే అది మరింత బిరుసవుతుంది. చుట్ల సంఖ్య, వెడల్పు అలాగే ఉంచి తీగ మందం రెట్టింపు చేస్తే బిరుసు ఏకంగా 16 రెట్లు పెరుగుతుంది. పుస్తకంలో చదివినా, చేతిలో స్ప్రింగ్ ఉన్నప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఆయన మా అమ్మాయికి మగ్గం సంగతి చెప్పాడు. "నాడెను మెల్లగ కొడ్తె నడుమల్నే ఆగుతది బిడ్డా. గట్టిగ కొడ్తె అవుతలి పెట్టెకు తాకి ఎనుకకొస్తది. ఎంత కావాల్నో అంతే కొట్టాలె." ఇప్పుడు సూరత్‌లో చాలా చోట్ల నాడె లేని వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు వచ్చాయి. కానీ ఆయన చేతికి ఆ కొలత ఇంకా తెలుసు.

మరునాడు ఆయనే సన్న తీగ స్ప్రింగ్ తెచ్చిచ్చాడు. వెంట మనవరాలు వచ్చింది. బల్ల వెనక అంచు కింద చెక్క ముక్క పెట్టి కొంచెం వాలుగా నిలిపాం. నేటి పిన్‌బాల్ యంత్రాల వాలు సుమారు ఆరున్నర డిగ్రీలు, మేమూ దాదాపు అంతే ఉంచాం. పిల్లలిద్దరూ చీకటి పడేదాకా ఆడారు. ఒకరు తెలంగాణ తెలుగులో, మరొకరు నాలుగు ఊళ్ళ తెలుగులో మార్కులు లెక్కపెట్టుకున్నారు.

పడుకునే ముందు మా అమ్మాయి బల్ల తిప్పి, వెనక పెన్సిల్‌తో రాసింది: "సూరత్. స్ప్రింగ్ మార్చాం." కింద ఇద్దరి పేర్లూ రాసింది. మళ్ళీ బదిలీ వస్తుంది, ఆ సంగతి తనకూ తెలుసు. ఈసారి మాత్రం "ఏం లాభం" అనలేదు.

మీరు చేయండి

1. మీ ఇంట్లో ప్రతి బదిలీకీ వెంట వచ్చే పాత వస్తువు ఏది? దాని గురించి పది వాక్యాలు రాయండి.
2. కడ్డీని రెట్టింపు దూరం లాగితే స్ప్రింగ్‌లో నిలిచే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. ఎందుకో మీ సైన్సు టీచరును అడిగి తెలుసుకోండి.
3. మీ వీధిలో ఏదైనా బాగుచేసేవారిని పలకరించి, వారు వాడే అయిదు పనిముట్ల తెలుగు పేర్లు సేకరించండి.