ఆపరేషన్‌కు ముందు రాత్రి

చదువవలసిన వాక్యభాగములు: 2 రాజులు 20:1-7, మార్కు 4:35-41, మార్కు 14:32-42



సాయంకాల ప్రార్థన ముగిసి, చూడడానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి, వార్డులో లైట్లు తగ్గించిన తరువాత, మరుసటి ఉదయం ఆపరేషన్ ఉన్నవాళ్ళకు నిద్ర పట్టదు. నర్సమ్మ వచ్చి బి.పి. చూస్తే మధ్యాహ్నం కంటె ఎక్కువగా ఉంటుంది. "భయంగా ఉందా అమ్మా?" అని అడిగితే చాలామంది "లేదండీ, ప్రభువున్నాడు కదా" అంటారు. ఆ మాట నిజమే. కాని వాళ్ళ చేతులు పట్టుకొని చూస్తే చల్లగా ఉంటాయి. ఈ నెల పాఠము ఆ చల్లని చేతులను గురించినదే.

విశ్వాసి భయపడకూడదు, భయపడితే విశ్వాసం తక్కువైనట్టే అనే అభిప్రాయం మన సంఘాలలో బాగా నాటుకొనిపోయింది. దానివల్ల రోగులు భయాన్ని దాచిపెడతారు. దాచిన భయం ఎంత నష్టం చేస్తుందో మేము చూశాము గనుక ఈ సంగతి వ్రాస్తున్నాము.

కొన్ని సంవత్సరాల క్రితం రొమ్ములో గడ్డతో ఒక తల్లి మా దగ్గరకు వచ్చారు. గడ్డ కనిపించి అప్పటికే ఎనిమిది నెలలైంది. నొప్పి లేదు కాబట్టి ఫరవాలేదనుకున్నారట. (చాలామంది అలాగే అనుకుంటారు. రొమ్ము గడ్డలలో ఎక్కువ భాగం క్యాన్సరు కాదు. కాని క్యాన్సరు గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేదని ఆగకూడదు.) పరీక్షలు చేసి, ఆపరేషన్‌కు రోజు నిర్ణయించాము. ముందురోజు సాయంత్రం మేము మంచం దగ్గర నిలబడి ప్రార్థన చేసి, ధైర్యంగా ఉండమని చెప్పి, తరువాతి మంచానికి వెళ్ళిపోయాము. ఆ తరువాత చూడడానికి వచ్చిన బంధువు ఒకరు, నిజమైన విశ్వాసముంటే కత్తితో పనేమిటి అన్నారట. తెల్లవారేసరికి మంచం ఖాళీ.

నాలుగు నెలల తరువాత ఆమె తిరిగి వచ్చారు. అప్పటికి చంకలో కూడా గడ్డలు వచ్చాయి. ఆపరేషన్‌తో సరిపోక, పెద్ద ఆసుపత్రిలో మందులు ఎక్కించుకోవలసి వచ్చింది, జుట్టు ఊడిపోయింది, పొలం కొంత అమ్ముకున్నారు.

బంధువును తప్పుపట్టడం సులభమే. కాని ఆమె తరువాత మాతో చెప్పిన మాట విని మేము తల దించుకున్నాము. ఆమెకు చావంటే భయం లేదట. రొమ్ము తీసేసిన సంగతి ఊళ్ళో తెలిస్తే కూతురికి వచ్చిన సంబంధం తప్పిపోతుందేమో అని భయమట. ఆ భయం గురించి మేము అడగలేదు. అడగకుండానే ప్రార్థన చేశాము.

ఇప్పుడు వాక్యభాగములు తెరవండి. హిజ్కియా రాజుకు మరణకరమైన రోగము వచ్చింది. ప్రవక్త వచ్చి ఇల్లు చక్కబెట్టుకోమన్నాడు. రాజు గోడవైపు తిరిగి ప్రార్థించి, వెక్కి వెక్కి ఏడ్చాడు. వార్డులో గోడవైపు తిరిగి పడుకొనే రోగులను చూసినప్పుడెల్లా మాకు ఈ భాగము జ్ఞాపకం వస్తుంది. దేవుడు ఆ కన్నీళ్ళను గద్దించలేదు. యెషయా ఇంకా నడిమి ఆవరణం దాటకముందే తిరిగి పంపించి, పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానన్నాడు. అంతటితో ఆగిపోయారా? లేదు. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించారు. ఆ కాలానికి అది వైద్యం. వాగ్దానం చేతిలో ఉన్నప్పటికీ కట్టు కట్టారు. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టే అనేవారు ఈ ఏడవ వచనం దగ్గర కొంచెం ఆగాలి.

మార్కు నాలుగవ అధ్యాయములో తుపాను. పడవలోని శిష్యులలో సముద్రం తెలిసిన జాలరులున్నారు. ప్రమాదం నిజమైనదే కాబట్టే వాళ్ళు భయపడ్డారు. ప్రభువును లేపి, మా సంగతి పట్టదా అన్నట్టు అడిగారు. అది మర్యాదగల ప్రార్థనేమీ కాదు. అయినా మార్కు వ్రాసిన వరుసలో ఆయన మొదట గాలిని అణిచాడు, విశ్వాసం సంగతి తరువాత అడిగాడు. (మత్తయి వరుస వేరుగా ఉంది. రెండూ చదివి ఇంట్లో మాట్లాడుకోండి.) రోగిని పరామర్శించేవారు మార్కు చూపిన వరుస పాటిస్తే మంచిదని మా అభిప్రాయం.

ఇక గెత్సేమనే. ప్రభువు ఆ రాత్రి కలవరపడ్డాడు. ముగ్గురిని వెంటబెట్టుకొని వెళ్ళి మెలకువగా ఉండమని అడిగాడు. ఆ గిన్నె తొలగించమని తండ్రిని వేడుకొన్నాడు. ఒకసారి ప్రార్థించి లేచిపోలేదు, మళ్ళీ మళ్ళీ అదే అడిగాడు. కలవరమే పాపమైతే ఈ భాగమును మనం చదవలేము. తోడు కోరుకోవడం కూడా బలహీనత కాదు. నిద్రపోయినది తోడుగా వచ్చినవాళ్ళే.

రోగులు మాతో చెప్పుకొనే భయాలు

మత్తు ఇస్తే మళ్ళీ మెలకువ రాదేమో అని ఎక్కువమంది అడుగుతారు. మత్తు డాక్టరు సూది వేసి వెళ్ళిపోరు. ఆపరేషన్ అయ్యేవరకు మీ తల దగ్గరే ఉండి నాడి, బి.పి., ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ చూస్తూ ఉంటారు. ఆయనకు మీరు చేయగలిగిన సహాయం నిజం చెప్పడం. ఏ మాత్రలు వాడుతున్నారు, ఆయాసం ఉందా, ఇంతకు ముందు ఏ మందైనా పడలేదా, చుట్ట, సారా అలవాటుందా అన్నీ చెప్పాలి. పాస్టరుగారు పక్కనున్నారని తాగుడు సంగతి దాచినవాళ్ళున్నారు. పాస్టరుగారిని బయటికి పంపి అయినా చెప్పండి.

వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుము నొప్పి అనే మాట ఊరూరా ఉంది. సూది వేసిన చోట కొన్నాళ్ళు నొప్పిగా ఉండవచ్చు, కొందరికి తలనొప్పి రావచ్చు, అది చెబితే చికిత్స ఉంది. జన్మంతా ఉండే నడుము నొప్పికి ఆ సూది కారణమని తేలలేదు. కాళ్ళు మొద్దుబారితే పడిపోయాయని కంగారు పడవద్దు, కొన్ని గంటలలో స్పర్శ వస్తుంది.

నీరసం వస్తుందన్న భయంతో తెల్లవారుజామున దొంగచాటుగా టీ, ఇడ్లీ పెట్టే బంధువులకు ఒక మనవి. మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. అందుకే అన్నం, టిఫిను కనీసం ఆరు గంటల ముందే ఆపమంటాము. మంచినీళ్ళు ఎప్పటివరకు తాగవచ్చో నర్సమ్మ చెబుతారు. పొరపాటున తిని ఉంటే చెప్పేయండి. ఆపరేషన్ కాసేపు ఆలస్యమవుతుంది, అంతే.

అమావాస్య వెళ్ళాక పెట్టండి అని చెవిలో చెప్పే క్రైస్తవ కుటుంబాలు కూడా ఉన్నాయి. మేము నవ్వము. భయం పాత దారులన్నీ వెదుకుతుంది.

ఆడవాళ్ళ భయం గురించి ఒక మాట. డాక్టరు అన్నా కుగ్లర్‌గారు 1883లో గుంటూరుకు వచ్చిన కాలంలో, మగ డాక్టరుకు చూపించుకోలేక రోగం దాచుకొనే స్త్రీలు ఇళ్ళల్లోనే ఉండిపోయేవారు. ఆమె ముందు ఆ ఇళ్ళకు వెళ్ళారు. ఆసుపత్రి భవనం తెరచింది 1898లో. ఈ రోజుకీ సిగ్గుతో ఆగిపోయేవాళ్ళున్నారు. లేడీ డాక్టరు కావాలని, లేదా పక్కన నర్సమ్మ ఉండాలని అడగండి. అడగడం తప్పు కాదు.

భయం ఎక్కువైనప్పుడు గుండె దడదడలాడడం, నోరు ఎండిపోవడం శరీరం చేసే పని. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకంటె నెమ్మదిగా వదలండి. పది నిమిషాలు అలా చేస్తే దడ తగ్గుతుంది. ఊపిరి వదిలేటప్పుడు ప్రభువు నామమును తలచుకొనేవారున్నారు. పెద్ద ప్రార్థనకు మాటలు రానప్పుడు అది చాలు.

ఆ తల్లి ఇప్పుడు చెకప్‌కు వస్తున్నారు. కూతురి పెళ్ళి మరో సంబంధంతో జరిగింది. వచ్చినప్పుడెల్లా లేడీస్ వార్డులో మరునాడు ఆపరేషన్ ఉన్నవారి మంచం దగ్గర స్టూలు వేసుకొని కూర్చుంటారు. ప్రార్థన చేయడానికి ముందు "దేనికమ్మా నీ భయం?" అని అడుగుతారు. ఒక్కోసారి జవాబు రావడానికి గంట పడుతుంది. భోజనానికి పిలిచినా లేవరు.