ట్రాక్టరు బెల్టు కప్పీల కూత

జూరాల కాలువకు నీరు వదలగానే అమరచింత ప్రాంతమున ట్రాక్టర్లకు దమ్ము పని ముమ్మరమగును. అట్టి సమయమున ఇంజను ముందుభాగము నుండి సన్నని కూత వినవచ్చినచో వెంటనే పరీక్షింపవలెను. పెక్కు ట్రాక్టర్లలో ఒకే బెల్టు ఫ్యానును, నీటి పంపును, ఆల్టర్నేటరును త్రిప్పును. నీటి పంపు బేరింగు పట్టివేసినచో ఇంజను వేడెక్కి హెడ్డు వంకరపోవచ్చును. మరమ్మతు ముగియులోగా నారు ముదిరిపోవును.

మొదట నేరము బెల్టుదా, బేరింగుదా తేల్చుకొనవలెను. ఇంజను తిరుగుచుండగా, చేయి దూరముగ నుంచి, బెల్టుపై కొంచెము నీరు చిలకరింపుడు. కూత క్షణకాలము మారినచో లోపము బెల్టు బిగువులోనో, కప్పీల వరుసలోనో ఉండును. మారనిచో బేరింగును అనుమానింపవలెను.

తరువాత ఇంజను ఆపి, చల్లారిన పిదప బెల్టు తీసి, ఒక్కొక్క కప్పీని చేతితో త్రిప్పి చూడుడు. గరగరమన్నను, అటునిటు ఊగినను ఆ బేరింగు అరిగినదే. పంపు క్రింది చిన్న రంధ్రము నుండి నీరు కారుచున్నచో దాని సీలు కూడ పాడైనదన్నమాట. బెల్టు లేకుండ అర నిమిషము నడిపినను కూత పోకున్నచో దోషమును లోపలి గేర్లలో వెదకవలెను. అంతకు మించి నడుపరాదు, ఏలయన ఇంజనులో నీరు ప్రసరింపదు.

కూత వినగానే బెల్టును బిగించుట కొందరికి అలవాటు. వదులు బెల్టుకు అది సరియే. కాని అరిగిన బేరింగుపై బిగువు పెంచినచో అది మరింత త్వరగా చెడును. రెండు కప్పీల నడుమ బొటనవ్రేలితో అదిమిన బెల్టు సుమారు అర అంగుళము లోనికి పోవుట సాధారణపు బిగువు. మీ ట్రాక్టరు పుస్తకములోని కొలతయే ప్రమాణము. బెల్టుకు నూనె, గ్రీజు పూయరాదు. కండువా, పంచె చెంగులను తిరుగు ఫ్యాను దరికి రానీయకుడు.