వినిపించని ధ్వనితో విషపునీటి శుద్ధి

పరిశ్రమలు దేశాభివృద్ధికి ఎంత అవసరమో, అవి విడిచిన నీరు చేలకును చెరువులకును చేటు కలిగింపకుండ చూచుకొనుటయు అంత అవసరము. మురుగునీరు తేటపడినంత మాత్రమున అందలి విషము పోయినదని తలచరాదు. ఇందుకు తెలుగునాటనే నిదర్శనమున్నది.

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు చుట్టుపట్ల మందుల కర్మాగారములు అనేకము గలవు. వాని మురుగునీటిని ఒకచోట చేర్చి శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రమునుండి వెలువడిన నీటిని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఫలితములను 2007లో ప్రకటించిరి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండుదానికంటె ఇది హెచ్చు. అది శుద్ధి కాని నీరు కాదు. శుద్ధిచేసి విడిచిన నీరు.

సూక్ష్మజీవులు ఏల చాలవు?

మురుగునీటిని పెద్ద తొట్లలో నింపి, గాలి నందించుచు, సూక్ష్మజీవులచే శుద్ధి చేయించుట వాడుకలోనున్న పద్ధతి. పెంటకుప్పలో చెత్త మాగి ఎరువగునట్లే, నీటిలోని మాలిన్యమును ఈ జీవులు తిని హరించును. ఇండ్లనుండి వచ్చు మురుగునకు ఈ పద్ధతి మేలైనది. కాని క్లోరోఫినాలు వంటి రసాయనములు, కొన్ని అద్దకపు రంగులు, సూక్ష్మజీవులను చంపుటకే తయారైన మందులు వీనికి సులభముగా లొంగవు. మోతాదు మించినచో ఆ జీవులే చచ్చును. కనుక ముందుగా విషపు అణువులను విరుగగొట్టవలెను. అందుకు గల మార్గములలో అతిధ్వని యొకటి.

అతిధ్వని యనగానేమి?

సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వని మన చెవికి వినబడదు. దానినే అతిధ్వని యందురు. గబ్బిలము చీకటిలో దారి తెలిసికొనునదియు, ఆసుపత్రిలో గర్భిణికి స్కానింగు చేయునదియు దీనితోనే. అయితే స్కానింగులో వాడు ధ్వని మృదువైనది; నీటిశుద్ధికి వాడునది మిక్కిలి బలమైనది.

బలమైన ధ్వని నీటిలో ప్రసరించునపుడు నీరు ఒకమారు నొక్కబడును, ఒకమారు సాగదీయబడును. సాగినపుడు కంటికానని బుడగలు పుట్టి పెరుగును. నొక్కుడు పడగానే ఒక్కపెట్టున కూలిపోవును. ఇట్టి బుడగలు కూలు తీరును 1917లో రేలీ ప్రభువు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గణితముతో వివరించెను. 1927లో అమెరికాలో రిచర్డ్స్, లూమిస్ అనువారు అతిధ్వని రసాయనిక మార్పులను కలిగించునని చూపిరి.

సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మనమెరిగినదే. బుడగలోను జరుగునది అదియే. కాని ఇచట నొక్కుడు క్షణములో అత్యల్పభాగమున ముగియును గనుక వేడి బయటికి పోవు వ్యవధి యుండదు. బుడగలోపల వేడిమి కొన్నివేల డిగ్రీల వరకు చేరును. బుడగ అతి సూక్ష్మమగుటచే తొట్టిలోని నీరు మాత్రము మరగదు.

ఈ వేడిమి రెండు విధముల పనిచేయును. క్లోరోఫారము వలె సులభముగా ఆవిరియగు పదార్థములు బుడగలోనికి చేరి అచటనే విచ్ఛిన్నమగును. ఆవిరికాని పదార్థముల విషయమున, నీటి అణువే విరిగి ‘హైడ్రాక్సిల్’ అను మిక్కిలి చురుకైన ముక్కలు పుట్టును. ఇవి దగ్గరనున్న విషపు అణువులపై బడి వానిని ఛేదించును.

పటాన్‌చెరు నీటిలో కనబడిన సిప్రోఫ్లాక్సాసిన్‌నే బెల్జియం దేశపు పరిశోధకులు ఈ పద్ధతితో పరీక్షించి 2009లో ఫలితములు తెలిపిరి. సెకనుకు 5,44,000 కంపనముల ధ్వనికి ఆ మందు విరిగెను. ఆమ్లము కలిపిన నీటిలో త్వరగాను, మామూలు నీటిలో నెమ్మదిగాను విరిగెను. ఆపై మిగిలినదానిని సూక్ష్మజీవులు మునుపటికంటె సులభముగా జీర్ణించుకొనగలవని తేలెను.

ఖర్చును, హద్దులును

ఈ పద్ధతికి విద్యుత్తు మిక్కుటముగా కావలెను. అందువలన కర్మాగారపు నీటినంతటిని దీనితో శుద్ధి చేయుట గిట్టుబాటు కాదు. విషము చిక్కగానున్న కొద్దిపాటి నీటిని, ఇతర నీటిలో కలియకముందే వేరుచేసి, దానికి మాత్రము అతిధ్వని చికిత్స చేసి, పిమ్మట సూక్ష్మజీవుల తొట్టికి పంపుట యుక్తము. ఓజోను గాని హైడ్రోజన్ పెరాక్సైడు గాని జతచేసినచో పని త్వరపడును. విషము సగము విరిగి ఆగినచో ఆ ముక్కలును ఒక్కొక్కప్పుడు హానికరమే. కనుక తుదకు నీటిని పరీక్షింపక విడువరాదు.

గ్రామస్థులు గమనింపవలసినవి

విషపునీటిలో మంచినీరు కలిపి పలుచన చేయుట శుద్ధి కాదు. విషము పరిమాణము తగ్గదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారము, నదులు, వాగులు మున్నగువానిలోనికి విడుచు నీటిలో ఫినాలు జాతి పదార్థములు సాధారణముగా లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. బావినీటికి రసాయనపు వాసన సోకినచో కాచి త్రాగుదమనుకొనరాదు. కాచినచో క్రిములు చచ్చునుగాని పలు రసాయనములు పోవు; నీరిగిరినకొలది అవి మరింత చిక్కబడును. అట్టి నీటిని త్రాగుట మాని, పశువులకును పెట్టక, పంచాయతి ద్వారా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వ్రాతమూలకముగా తెలిపి పరీక్ష చేయింపవలెను.

విషమును పుట్టినచోటనే విరుచుట సులభము. వాగులో కలిసి, భూమిలోనికి ఇంకిన పిదప దానిని వెలికితీయుట ఎంతటి యంత్రమునకైనను దుస్సాధ్యము.