తరగతిలో మౌనం

అండమాన్ దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుండి శ్రీ విజయపురం) 1967లో ఒక ప్రభుత్వ కళాశాల వెలసింది. దానికి జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయమని పేరు. ఆ పేరు చదివిన తెలుగు విద్యార్థి అక్కడ రాజకీయాలు బోధిస్తారు కాబోలని అనుకొంటే ఆశ్చర్యం లేదు. హిందీలో ‘రాజకీయ’ అనగా ప్రభుత్వానికి చెందినదని అర్థం. ఇటువంటి పొరపాటు అడిగినవానికి క్షణంలో తొలగిపోతుంది. అడగనివానికి పరీక్ష దాకా వెంట వస్తుంది.

ఇంట తెలుగో, తమిళమో, వంగభాషయో మాట్లాడి, బజారులో హిందీ, తరగతిలో ఇంగ్లీషు వినే ఈ దీవుల విద్యార్థికి మౌనం సులభమైన ఆశ్రయం. పెద్దలు దానిని వినయమనుకొంటారు. తరచు అది నవ్వులపాలవుతామన్న జంకు మాత్రమే. తెలివి ఉండీ వెనుకబడేవారు ఇక్కడే వెనుకబడతారు.

చదువును పట్టుబట్టి సాధించుకొన్నవారి ఉదంతం అదే పట్టణంలోని సెల్యులార్ జైలులో కలదు. 1933 మే నెలలో అక్కడి రాజకీయ ఖైదీలు (ఇక్కడ ఆ మాటకు తెలుగు అర్థమే) దీపాలు, పుస్తకాలు మొదలైన సౌకర్యాలు కోరుతూ నిరాహారదీక్ష పూనారు. బలవంతంగా పాలు పట్టించే ప్రయత్నంలో మహావీర్ సింగ్ మరణించారు. మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా కూడా అసువులు బాశారు. ప్రభుత్వం దిగివచ్చింది. గదులలో వెలుగు వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. వంగదేశం, పంజాబు మొదలైన ప్రాంతాల ఖైదీలు చరిత్ర, ఆర్థిక, రాజనీతి శాస్త్రాలకు తరగతులు నడుపుకొన్నారు. తెలిసినవారు చెప్పారు, తెలియనివారు అడిగారు. హాజరు పట్టీ గాని, పట్టా గాని లేవు.