జ్వరంతో నొప్పిపుట్టే ఎర్రటి గడ్డలు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మూడు వారాలుగా జ్వరం. మెడ, చేతుల మీద ముట్టుకుంటే నొప్పెట్టే ఎర్రటి గడ్డలు లేచాయి. యాంటీబయాటిక్స్‌తో తగ్గలేదు. చర్మం ముక్క తీసి పరీక్షించి ‘స్వీట్ సిండ్రోమ్’ అన్నారు. ఇది షుగర్ జబ్బా? ఎముక మజ్జ పరీక్ష ఎందుకంటున్నారు?

జవాబు: షుగర్‌తో దీనికి సంబంధం లేదమ్మా. 1964లో దీన్ని వివరించిన ఇంగ్లండ్ వైద్యుడు రాబర్ట్ స్వీట్ పేరు పెట్టారు, అంతే. అంటుకునేదీ కాదు; నాన్నగారిని దూరంగా పడుకోబెట్టకండి.

సూక్ష్మజీవులతో పోరాడాల్సిన తెల్లరక్తకణాలు ఏ సూక్ష్మజీవీ లేకుండానే చర్మంలో గుమిగూడతాయి. యాంటీబయాటిక్స్ పనిచేయనిది అందుకే. చాలామందిలో గొంతు ఇన్ఫెక్షన్ తర్వాతో, ఏదైనా మందు పడకో వస్తుంది. అయితే సుమారు అయిదుగురిలో ఒకరికి వెనక క్యాన్సర్ ఉంటుంది, ఎక్కువగా రక్తానిది. ఒక్కోసారి అది బయటపడక ముందే చర్మం చెబుతుంది. నాన్నగారి వయసులో ఈ అనుమానం తీర్చుకోవాల్సిందే. ముందు సీబీసీ, రక్తపు స్మియర్ చేయించండి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే మజ్జ పరీక్ష వాయిదా వేయకండి.

స్టెరాయిడ్ మాత్రలతో గడ్డలు కొద్ది రోజుల్లోనే అణగిపోతాయి. తగ్గిందని పరీక్షలు మానేస్తారేమోనని నా భయం. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. వాడినన్నాళ్లూ షుగర్, బీపీ చూపించండి. వాడుతున్న మందులన్నీ రాసి డాక్టరుకివ్వండి.

చిగుళ్ల నుంచి రక్తం, కమిలిన మచ్చలు, ఆయాసం, కన్ను ఎర్రబడి నొప్పి, తగ్గని జ్వరం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్త పరీక్షలో తేడా ఉంటే హెమటాలజిస్టును కలవండి.