పలకరించే మనిషి కోసం

ప్రశ్న: మాది డోర్నకల్. హైదరాబాద్ మాదాపూర్‌లో ఉద్యోగం, అక్కడే హాస్టల్. రూములో ముగ్గురం ఉంటాం కానీ ఒకరి షిఫ్టు ఒకరికి కలవదు. ఊళ్లో స్టేషన్ దాకా నడిస్తే చాలు, ‘ఎప్పుడొచ్చినవ్ బిడ్డా’ అని నలుగురు ఆపుతారు. ఇక్కడ ఉండిపోతే ఆదివారం పొద్దంతా నోరు విప్పే పనే పడదు. అమ్మ ఫోన్ చేస్తే బాగున్నానంటా. అందుకే ప్రతి శనివారం రైలెక్కి ఊరికి పోతున్నా. ఉద్యోగం మానేసి వచ్చేయనా?
– ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడే మానకండి. మీలో ఏదో లోపముందనీ అనుకోకండి. లోకంలో ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. యువతలో అది మరీ ఎక్కువట.

ఊళ్లో మిమ్మల్ని ఆపి పలకరించేవాళ్లు చిన్నప్పటి నుంచి మిమ్మల్ని చూస్తున్నవాళ్లు. హైదరాబాద్‌కు మీరింకా ఆ సమయం ఇవ్వలేదు. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైనే కలిసి గడపాలని అమెరికాలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో అంచనా కట్టారు. పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలు అందుకు అంతగా అక్కరకు రావట. మీ చేతిలో ఉన్నవి శని, ఆదివారాలే. అవి కూడా రైలుకే పోతే ఇక్కడ ఎవరికి దగ్గరవుతారు?

ఊరికి నెలకోసారి వెళ్లండి. మిగతా వారాలు ఒకే చోటికి, ఒకే వేళకు వెళ్లండి. బంజారాహిల్స్ లామకాన్‌లో నాటకాలు, చర్చలు జరుగుతాయి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పుస్తకాలూ ఉన్నాయి, సభలూ ఉంటాయి. క్రికెట్ ఇష్టమైతే గ్రౌండే మేలు. మొదట్లో ఎవరూ పలకరించకపోవచ్చు. అయినా వెళ్లండి.

మీరే ముందు మాట కలపండి. నామోషీ అనిపిస్తే అజరయ్య గారిని తలచుకోండి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తెల్లదొరలు నిండిన సభలో నిలబడి, మీ త్యాగాలు సరే, మాకు మీ స్నేహం కావాలని అడిగారాయన. అప్పటికి ఆయన పనిచేస్తున్నది మీ డోర్నకల్ ప్రాంతంలోనే. 1912లో ఆ డోర్నకల్‌కే బిషప్ అయ్యారు, తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయనే. అంతటివారే నోరు తెరిచి స్నేహం అడిగారు.

అమ్మకు నిజం చెప్పండి. మీ గొంతును బట్టి ఆమె ఎప్పుడో పోల్చుకుని ఉంటుంది. నిద్ర, ఆకలి తగ్గినా, బతుకు మీద విరక్తి కలిగినా వెంటనే 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అనే ఆ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ శనివారం మాత్రం టికెట్ తీయకండి. రూములో ఇద్దరినీ భోజనానికి రమ్మని అడగండి.